మక్క చేను దగ్గర ఆగిపోయిన .315: స్పేర్ల సంచి మీద ఒక కేస్ స్టడీ

రైఫిల్: ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన .315 స్పోర్టింగ్ రైఫిల్. బోల్ట్ యాక్షన్ (తూటాను లోపలికి తోసి, కాల్చాక బయటికి లాగే కడ్డీ లాంటి భాగమే బోల్ట్, దాన్ని చేత్తోనే ఆడించాలి), ఐదు తూటాల మ్యాగజైన్, వయసు ముప్ఫై ఏళ్ల పైనే. యజమాని: పంట పాడుచేసే అడవి పందుల్ని కాల్చడానికి అటవీశాఖ అనుమతి ఉన్న లైసెన్సుదారు. పేరు అక్కర్లేదు, షూటర్ సార్ అందాం. చోటు: నర్సంపేట దాటాక పాఖాల అడవి అంచున ఒక ఊరు. ఎప్పుడు: 2024 సెప్టెంబరు మూడో వారం. రిపేరు చేసింది నేను. తప్పు చేసింది కూడా నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

మాది వరంగల్‌లో తుపాకుల రిపేరు షాపు. నాన్న హయాంలో ఎక్కువగా 12 బోరు సింగిల్ బ్యారెల్ తుపాకులే వచ్చేవి, అన్నీ పంట కాపలావే. ఇప్పుడు పని తగ్గింది. నెలకు పది తుపాకులు వస్తే గొప్ప. వాటిలో ఒకటి రెండు రైఫిళ్లు.

ఆ రాత్రి

ఫోన్ వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. నేను నిద్రలో ఉన్నాను.

"తమ్మీ, పండుకున్నవా? ఖాళీ తూటా లోపట్నే ఉండిపోయింది. బోల్ట్ వట్టిగనే ఎనకకొస్తంది."

"స్ప్రింగ్ విరిగినట్టుంది సార్. సంచిల కొత్తది పెట్టిన కదా?"

"ఉన్నది. అది పడతలేదు."

ఇక్కడ కొంచెం ఆగి, ఏం జరిగిందో చెప్పాలి. బోల్ట్ ముందు భాగంలో, అంటే బోల్ట్ హెడ్‌లో, ఒక చిన్న కొక్కెం ఉంటుంది. దాన్నే ఎక్స్‌ట్రాక్టర్ అంటాం. తూటా అడుగున ఉండే అంచును అది పట్టుకుంటుంది. కాల్చాక బోల్ట్ వెనక్కి లాగితే ఖాళీ తూటా దానితో పాటు బయటికి వస్తుంది. ఆ కొక్కెం తూటా మీద బిగువుగా వాలి ఉండటానికి వెనక ఒక చిన్న పట్టీ స్ప్రింగ్ ఉంటుంది, వేలిగోరంత కూడా ఉండదు. మొత్తాన్ని ఒక స్క్రూ పట్టి ఉంచుతుంది. స్ప్రింగ్ విరిగితే కొక్కెం వదులైపోతుంది. బోల్ట్ వస్తుంది, ఖాళీ తూటా రాదు. ఆ పైన ఇంకో తూటా ఎక్కించడం కుదరదు.

మొదటి తూటాకు ఒక పంది పడింది. మంద చెదిరింది. రెండో తూటా ఎక్కించబోతే ఈ గొడవ. సార్ మంచె దిగి, టార్చి నోట్లో పెట్టుకుని, నేనిచ్చిన సంచి విప్పి, బోల్ట్ బయటికి తీసి పనిలో పడ్డారు. స్క్రూ తిప్పుతుంటే స్క్రూడ్రైవర్ జారింది. స్క్రూ ఎగిరి కింద పడింది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో మా ప్రాంతంలో ఎలాంటి వాన పడిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. మహబూబాబాద్ వైపు రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. ఆ తర్వాత మూడు వారాలకు కూడా ఆ చేలో చీలమండల దాకా బురద. మిరియపు గింజంత స్క్రూ ఆ బురదలో దొరుకుతుందా?

దొరికినా లాభం లేదు. నేనిచ్చిన కొత్త స్ప్రింగ్ గాడిలో కూర్చోనే లేదు. వెడల్పు వెంట్రుకవాసి ఎక్కువ. రాయి మీద నాలుగుసార్లు రాస్తే సరిపోయే తేడా. షాపులో రెండు నిమిషాల పని, చేలో అర్ధరాత్రి అసాధ్యం.

సార్ తెలివైన పని చేశారు. క్లీనింగ్ రాడ్‌తో ఖాళీ తూటాను వెనక్కి నెట్టి తీసి, రైఫిల్ కవర్లో పెట్టేశారు. ఒక్కో తూటా పెట్టుకుని రాడ్‌తో పొడుచుకుంటూ కాలుద్దాం అనుకోలేదు. అలా చేసి చేతులు పోగొట్టుకోబోయిన వాళ్లు నాకు తెలుసు. రాత్రి రెండు గంటలకు మంద తిరిగి వచ్చింది. రైతు డబ్బా కొట్టాడు, పటాకులు కాల్చాడు. పొద్దున చూస్తే పదిహేను గుంటల మక్క నేలమట్టం. పాలు పోసుకుంటున్న కంకులు. పందికి అంతకంటే ఇష్టమైనది ఇంకోటి లేదు.

రైతు అన్న మాట సార్ నాకు రెండుసార్లు చెప్పారు: "గింత పెద్ద తుపాకి పెట్టుకొని మళ్లీ నాతోటి డబ్బనే కొట్టిస్తివి సారూ."

ముందు చట్టం సంగతి

వేట అనగానే యూట్యూబ్‌లో చూసే అమెరికా వీడియోలు గుర్తొస్తాయి. ట్రక్కులో పెద్ద పెట్టె, అందులో పది రకాల స్పేర్లు, కావాలంటే రెండో బ్యారెల్. ఇక్కడ అది పనికిరాదు, రెండు కారణాల వల్ల.

ఒకటి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేటకు ఇప్పుడు మన దేశంలో చోటు లేదు. వరంగల్‌లో హంటర్ రోడ్డు ఉంది కానీ ఆ రోడ్డు మీద ఇప్పుడు ఉన్నది జంతువుల పార్కు. పంటనో మనుషుల్నో దెబ్బతీసే జంతువు విషయంలో ఆ చట్టం 11వ సెక్షన్ కింద అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. అడవి పంది మొదట మూడో షెడ్యూల్లో ఉండేది, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్లోకి వచ్చింది. సార్ దగ్గర ఉన్న కాగితంలో ఏ ఊరు, ఎన్ని రోజులు, ఎవరి సమక్షంలో అన్నీ రాసి ఉన్నాయి. అడవిలోకి పోవడానికి లేదు, పట్టా భూమిలోనే కాల్చాలి. పడిన పందిని పంచనామా చేసి పూడ్చాల్సిందే. మాంసం ఎవరూ ముట్టడానికి లేదు. ఈ ముక్క ఊళ్లో చెప్పడం తుపాకి కాల్చడం కంటే కష్టం అంటారు సార్.

రెండోది మా వృత్తికి సంబంధించింది. 1959 ఆయుధాల చట్టంలో ఫైర్ ఆర్మ్ అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే దాని విడిభాగాలు కూడా ఉన్నాయి. విడిగా ఉన్న బోల్ట్ కూడా చట్టం దృష్టిలో తుపాకీయే. రిపేరు చేయడానికి కూడా లైసెన్సు కావాలి. కాబట్టి ఎక్కడో పాత సామాన్లలో దొరికిన బోల్ట్ హెడ్ జేబులో వేసుకుని తిరగడం ఎవరికీ మంచిది కాదు. నేను ఇచ్చే చిన్న భాగాలకు లైసెన్సు నంబరు వేసి బిల్లు రాస్తాను, రిజిస్టర్లో ఎక్కిస్తాను. బిల్లు కాపీ సంచిలోనే, ప్లాస్టిక్ కవర్లో పెడతాను. చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా సంచి విప్పితే ముందు ఆ కాగితమే కనిపించాలి.

ఫీల్డులో యజమాని చేసుకోదగినది ఏది, నేనే చేయాల్సినది ఏది అన్న గీత కూడా నేను ఇలాగే గీసుకున్నాను. ముందే కూర్చోబెట్టి చూసిన భాగాన్ని తీసి పెట్టుకోవడం, శుభ్రం చేసుకోవడం, స్క్రూ బిగించుకోవడం ఆయన పని. ఆకురాయి ముట్టుకోవాల్సిన పని ఏదైనా ఉంటే అది షాపుకే రావాలి.

టేబుల్ మీద

మర్నాడు సాయంత్రం రైఫిల్ షాపుకు వచ్చింది. బోల్ట్ హెడ్ విప్పి, విరిగిన స్ప్రింగ్ ముక్కల్ని తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో చూశాను.

విరుగు ముఖం రెండు రంగుల్లో ఉంది. ఒక అంచు నుంచి మూడింట రెండు వంతులు గోధుమ రంగు, పాత తుప్పు. మిగతా వంతు తెల్లగా, రవ్వలా మెరుస్తోంది. అంటే ఆ రాత్రి విరిగింది ఆ మెరుస్తున్న వంతు మాత్రమే. మిగతాది ఎప్పుడో పగిలి, పగులులోకి తేమ దిగి తుప్పు పట్టింది. ఎన్ని నెలలుగా ఆ ఒక్క వంతు మీద బతికిందో తెలియదు. స్ప్రింగ్ వెనక గాడిలో నల్లటి జిగురు. పాత నూనె గట్టిపడి, దానిలో తుప్పు పొడి కలిసిపోయింది.

తుప్పు ఎక్కడిది? ఎన్నికలది. అసెంబ్లీ ఎన్నికల కోడ్ 2023 అక్టోబరులో వచ్చింది, సార్ రైఫిల్ డిపాజిట్ చేశారు, అంటే ఎన్నికలు అయ్యేదాకా అప్పగించారు. డిసెంబరులో విడిపించుకున్నారు. మార్చి 16న లోక్‌సభ షెడ్యూల్ ప్రకటించారు, మళ్లీ డిపాజిట్. జూన్ 4న లెక్కింపు అయ్యాక విడుదల. రెండుసార్లూ రైఫిల్‌ను రెక్సిన్ కవర్లో పెట్టి, జిప్పు వేసి ఇచ్చేశారు. జాగ్రత్త అనుకునే అలా చేశారు. కానీ ఆ కవర్ లోపల ఉన్న మెత్తటి గుడ్డ స్పాంజిలా తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ఇనుముకు ఆనించి పెట్టినట్టే. డిపాజిట్ తీసుకున్న చోట తప్పేమీ లేదు, ఇచ్చిన వస్తువును ఇచ్చినట్టే దాచారు.

ఇక నా తప్పు. జూన్‌లో విడుదలయ్యాక రైఫిల్ సర్వీసుకు నా దగ్గరికే వచ్చింది. బ్యారెల్ తుడిచాను, తూటా కూర్చునే చాంబర్ తుడిచాను, బోల్ట్ పైన తుప్పు గీకి నూనె రాశాను. ఎక్స్‌ట్రాక్టర్‌ను వేలితో నొక్కి చూశాను, కదిలింది, తిరిగి వచ్చింది. "బాగానే ఉంది" అని స్క్రూ విప్పలేదు. విప్పి ఉంటే స్ప్రింగ్ నా చేతిలోనే రెండు ముక్కలయ్యేది. ఆ రోజు షాపులో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు, తొందరలో ఉన్నాను. అంతకు మించి కారణం లేదు.

తర్వాత స్పేర్ల సంచి. అది కూడా నేనే కట్టింది. టేబుల్ మీద గుమ్మరిస్తే పదకొండు వస్తువులు. ఫైరింగ్ పిన్ను (తూటాను వెనక నుంచి కొట్టి పేల్చేది), దాన్ని ముందుకు తోసే మెయిన్ స్ప్రింగ్, ఎక్స్‌ట్రాక్టర్, దాని స్ప్రింగ్, మ్యాగజైన్ స్ప్రింగ్, రెండు రకాల చిల్లర స్క్రూలు, మామూలు స్క్రూడ్రైవర్, నూనె సీసా, బ్రష్షు, గుడ్డ. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. సార్ అడిగారు, "ఇవన్నీ నా రైఫిల్ల ఎప్పుడన్న ఏసి చూసినవా?"

ఒక్కటి కూడా వేసి చూడలేదు. అన్నీ షెల్ఫులోంచి తీసి పెట్టినవి. ‘.315కి సరిపోతుంది’ అని డబ్బా మీద రాసి ఉన్నవి. .315 అనే పేరు ఒకటే అయినా ముప్ఫై ఏళ్లు వాడిన రైఫిల్ ఏ రెండూ ఒకలా ఉండవు. ఈ రైఫిల్ యాక్షన్, అంటే లోపలి యంత్రాంగం, పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ నమూనా. తయారైనప్పుడే ఫ్యాక్టరీలో మనిషి చేత్తో ఆకురాయి పట్టి ఒక్కోదానికి కూర్చోబెట్టిన భాగాలు కొన్ని ఉంటాయి. ఇది మారుతీ కారు కాదు, నంబరు చెప్పి తెచ్చుకుని బిగించడానికి.

ఏది సంచిలో ఉండాలి, ఏది ఉండకూడదు

ఈసారి పని తిరగేసి మొదలుపెట్టాను. ముందు సంచి ఖాళీ చేశాను. బోల్ట్ మొత్తం విప్పి ఒక్కో భాగాన్నీ చేతిలోకి తీసుకుని మూడు ప్రశ్నలు వేసుకున్నాను. ఇది నిజంగా పాడవుతుందా? చీకట్లో, రెండు పనిముట్లతో మార్చగలరా? మారిస్తే రైఫిల్ కొలత ఏదైనా మారుతుందా?

బోల్ట్ హెడ్ మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. సార్ చాలాకాలంగా ఒకటి ఎక్స్‌ట్రా కావాలని అడుగుతున్నారు, ఇవ్వనన్నాను. .315 తూటాకు అడుగున అంచు ఉంటుంది. ఆ అంచు బ్యారెల్‌కు ఆనే చోటుకూ బోల్ట్ హెడ్ ముఖానికీ మధ్య ఉండే ఖాళీనే హెడ్‌స్పేస్ అంటాం. హెడ్ మారితే ఆ ఖాళీ మారుతుంది. ఎక్కువైతే కాల్చినప్పుడు తూటా సాగుతుంది, చిట్లవచ్చు కూడా. అప్పుడు వేడి గ్యాసు కంటికి అడుగు దూరంలో వెనక్కి తన్నుతుంది. గేజి పెట్టి కొలవకుండా బోల్ట్ హెడ్ మార్చే ప్రసక్తే లేదు. మంచె మీద గేజి ఎక్కడిది?

ఫైరింగ్ పిన్ను కొంచెం ఆలోచించాల్సిన విషయం. అందరూ మొదట అడిగేది అదే, సినిమాల్లో విరిగేది కూడా అదే. ఈ రైఫిల్లో పిన్ను తీయాలంటే దానికి ప్రత్యేకమైన తాళంలాంటి పనిముట్టు కావాలి. పెట్టాక మొన బోల్ట్ ముఖం నుంచి ఎంత బయటికి వస్తోందో చూడాలి. ఒక మిల్లీమీటరు పైచిలుకు రావాలి. తక్కువైతే తూటా పేలదు, ఎక్కువైతే ప్రైమర్‌కు, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీకి, చిల్లు పడుతుంది. నా ఇరవై ఏళ్లలో .315 పిన్ను విరిగి వచ్చింది రెండే రెండుసార్లు. రెండూ తూటా లేకుండా ఊరికే టక్కుటక్కుమని కొట్టే అలవాటున్న వాళ్లవి. సార్ పిన్ను మొన గుండ్రంగా, నునుపుగా ఉంది, పగులు లేదు. తిరిగి పెట్టి కొలిచి వదిలేశాను. స్పేర్ పిన్ను సంచిలోంచి తీసేశాను. మెయిన్ స్ప్రింగ్ కూడా అంతే. కొత్తదాని పక్కన పెట్టి పొడవు చూశాను. పాతది కుంగింది, అక్కడికక్కడే మార్చేశాను, దానికి స్పేరు అవసరం లేదు.

మిగిలింది ఎక్స్‌ట్రాక్టర్, దాని స్ప్రింగ్, దాని స్క్రూ. దీని మీద ఒక పూట పట్టింది. రెండు కొత్త స్ప్రింగులు తీసుకుని రెండింటినీ రాయి మీద రాసి గాడిలో కూర్చునేలా చేశాను. అంచులు కూడా గుండ్రంగా తిప్పాను, ఎందుకంటే పదునైన మూల ఎక్కడుంటే పగులు అక్కడే పుడుతుంది. మొదటి స్ప్రింగ్ వేసి మందు లేని డమ్మీ తూటాలు యాభైసార్లు ఎక్కించి దించాను. తీసి రెండోది వేసి మళ్లీ యాభై. ఆ తర్వాత అనుమతి ఉన్న రేంజిలో సార్ ఒక్కో స్ప్రింగ్‌తో మూడేసి తూటాలు కాల్చారు. తూటా ఇప్పుడు చవక కాదు, పైగా లైసెన్సు మీద ఏడాదికి ఇన్నే అని కోటా. ఆరు తూటాలు దీనికి ఖర్చు చేయించినందుకు సార్ కొంచెం గునిశారు. నేను వినిపించుకోలేదు.

రెండూ పనిచేశాక ఒకటి రైఫిల్లో, ఒకటి సంచిలో. ఎక్స్‌ట్రాక్టర్ విషయంలో ఇంకో పద్ధతి. కొత్తదాన్ని సరిచేసి రైఫిల్లో పెట్టాను, ఇన్నాళ్లూ పనిచేసిన పాతదాన్ని సంచిలో పెట్టాను. పాతది ఈ రైఫిల్‌ను ముప్ఫై ఏళ్లుగా ఎరుగును. దాన్ని తిరిగి పెడితే సరిపోతుందా లేదా అన్న టెన్షన్ ఉండదు. ఇప్పుడు ఏ రైఫిల్‌కైనా ఇదే చేస్తున్నాను. కొత్తది లోపలికి, పాత మంచిది సంచిలోకి.

స్క్రూడ్రైవర్ సంగతి

ఆ రాత్రి అసలు దెబ్బ కొట్టింది స్క్రూడ్రైవర్. బజార్లో దొరికే స్క్రూడ్రైవర్ మొన పక్కనుంచి చూస్తే గొడ్డలిలా ఉంటుంది, పైన మందం, కింద సన్నం. తుపాకి స్క్రూ తలలో గాడి మాత్రం నిటారుగా ఉంటుంది, రెండు గోడలూ సమాంతరం. గొడ్డలి మొన ఆ గాడి పై అంచుల్ని మాత్రమే తాకుతుంది. బలం పెట్టి తిప్పితే మొన పైకి ఎక్కి జారుతుంది. స్క్రూ తల చెడుతుంది, జారిన మొన వేలిలో దిగుతుంది, లేదా స్క్రూ ఎగురుతుంది. సార్‌కు మూడూ జరిగాయి.

ఒక పాత స్క్రూడ్రైవర్ తీసుకుని గ్రైండర్ మీద మొన రెండు పక్కలా సమాంతరంగా రాశాను. నీళ్లలో ముంచుతూ, కొంచెం కొంచెంగా. ఎర్రబడితే ఉక్కు మెత్తబడుతుంది. స్క్రూ గాడిలో పెట్టి చూడటం, మళ్లీ రాయడం. చివరికి మొన గాడి అడుగుదాకా దిగి, స్క్రూడ్రైవర్ వదిలేసినా పడకుండా నిలబడింది. దాని పిడికి ఎర్ర టేపు చుట్టి, ఈ స్క్రూకు తప్ప దేనికీ వాడొద్దని చెప్పాను. పెయింట్ డబ్బా మూత దానితో తీస్తే నేను ఇంకోటి చేసివ్వనని కూడా చెప్పాను.

స్క్రూలు రెండు, రైఫిల్లో తిప్పి చూసినవి, హోమియో మందు సీసాలో రెండు చుక్కల మిషన్ నూనె వేసి అందులో పెట్టాను. సీసా సైజు సరిగ్గా సరిపోతుంది. గాజులోంచి కనిపిస్తాయి, కదిపితే చప్పుడవుతాయి. కింద పెట్టుకోవడానికి అన్నం తినే స్టీలు పళ్లెం, అడుగున పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం అతికించాను. మొదటి పళ్లేనికి అయస్కాంతం అంటుకోలేదు, మంచి స్టీలు. ఇంట్లో పనికిరాని చవక పళ్లెం అడిగి తెచ్చాను, దానికి పట్టింది.

తర్వాత సార్‌ను కూర్చోబెట్టి షాపులో లైటు ఆపేశాను. పని మొదలుపెట్టేముందు చేయాల్సింది నోటితో చెప్పించాను. మ్యాగజైన్ తీయాలి, బోల్ట్ తీసి చాంబర్‌లో వేలు పెట్టి చూడాలి, తూటాలన్నీ పక్క మనిషి చేతికి ఇచ్చేయాలి. ఆ తర్వాతే పళ్లెం. తల టార్చి పెట్టుకుని మొదటిసారి స్ప్రింగ్ మార్చడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నాలుగోసారికి ఆరు. అరవై దాటిన మనిషి, కళ్లద్దాల మీద చెమట. "బడిపిలగాని లెక్క చేసినవు నన్ను" అన్నారు.

రెండో చేను

2025 ఫిబ్రవరి, యాసంగి మక్క. అదే మండలం, వేరే ఊరు. సంచిలో ఇప్పుడు ఉన్నవి: ఎక్స్‌ట్రాక్టర్ ఒకటి, స్ప్రింగ్ ఒకటి, సీసాలో స్క్రూలు, ఎర్ర టేపు స్క్రూడ్రైవర్, టార్చి క్లాంపుకు (టార్చిని రైఫిల్‌కు బిగించే పట్టీ) సరిపోయే ఇంకో స్క్రూడ్రైవర్, క్లాంపు స్క్రూలు రెండు, టార్చి బ్యాటరీలు, రాడ్, పాత లుంగీ ముక్కలు, నూనె, డమ్మీ తూటాలు రెండు, పళ్లెం, బిల్లు.

ఎక్స్‌ట్రాక్టర్ విరగలేదు. ఆ స్ప్రింగ్ ఈ రోజు వరకూ అలాగే ఉంది.

పాడైనవి వేరే రెండు. మొదటిది టార్చి క్లాంపు. ఊరి నుంచి చేను దాకా ట్రాక్టర్ బాట, బొలెరోలో నాలుగు కిలోమీటర్లు ఎగిరెగిరి పోయేసరికి స్క్రూ వదులైంది. బయలుదేరేముందు ప్రతి స్క్రూ తల మీదా, దాని పక్కన లోహం మీదా కలిపి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. స్క్రూ తిరిగితే గీత విరుగుతుంది. మంచె ఎక్కేముందు సార్ టార్చి వేసి గీతలు చూసుకున్నారు, ఒకటి పక్కకు జరిగి ఉంది. బిగించుకున్నారు. గీత లేకపోతే మొదటి తూటాకే వెలుగు ఒక పక్కకు, బ్యారెల్ ఒక పక్కకు పోయేవి.

రెండోది నేను ఊహించనే లేదు. రాత్రి ఒంటిగంటకు మంద వచ్చింది, మొదటి తూటా పేలింది, బోల్ట్ లాగితే ఖాళీ తూటా చక్కగా ఎగిరి పడింది, బోల్ట్ ముందుకు తోస్తే ఆగిపోయింది. మ్యాగజైన్‌లో తూటా పైకి రావడం లేదు. ఇది అంచు తూటాల జబ్బు. మ్యాగజైన్‌లో పెట్టేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే బోల్ట్ పై తూటాను ముందుకు తోసినప్పుడు కింది దాని అంచుకు తగిలి బిగుసుకుంటుంది. చలిలో, చేతి తొడుగులతో, తొందరగా నింపారు.

దీనికి స్పేరు ఏముంటుంది? సార్ మ్యాగజైన్ బయటికి తీసి, తూటాలు తీసి, పళ్లెంలో పోసి, ఒక్కోటి ముందుకు జరుపుతూ మళ్లీ నింపుకున్నారు. రెండు నిమిషాలు. షాపులో డమ్మీలతో నింపడం కూడా చేయించి ఉంటే ఆ రెండు నిమిషాలు కూడా పోయేవి కావు. నేను స్ప్రింగ్ ధ్యాసలో పడి దాన్ని మర్చిపోయాను. ఇప్పుడు చీకట్లో చేయించే పనుల్లో మ్యాగజైన్ నింపడం మొదటిది.

ఆ రాత్రి రెండు పందులు. పంచనామా అయ్యేసరికి తెల్లవారింది.

12 బోరు వాళ్లకు ఒక మాట. మీకు ఈ లెక్క దాదాపు వర్తించదు. సింగిల్ బ్యారెల్‌లో విరగడానికి ఉన్నవే తక్కువ. వానాకాలంలో మీ దగ్గరికి వచ్చే గొడవ ఎక్కువగా తూటాలది. కాగితం తూటాలు తేమకు ఉబ్బి చాంబర్‌లోకి పోవు, పోయినవి కాల్చాక బయటికి రావు. గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టుకుని, ఒక రాడ్ దగ్గర ఉంచుకుంటే చాలు. స్పేర్ల సంచి కట్టివ్వమని నన్ను అడగొద్దు.

ఇక సర్వీసు పద్ధతి మార్చాను. ఎన్నికల డిపాజిట్ నుంచి విడుదలైన ఏ రైఫిలైనా సరే, బోల్ట్ పూర్తిగా విప్పకుండా తిరిగి ఇవ్వడం లేదు. ఎక్స్‌ట్రాక్టర్ స్క్రూ విప్పానని రిజిస్టర్లో ఒక గడి పెట్టాను, అందులో టిక్కు లేకపోతే బిల్లు రాయను. దీనివల్ల పని అరపూట ఎక్కువైంది, ఇద్దరు ముగ్గురు విసుక్కుని వెళ్లిపోయారు కూడా. ఆ గడి పెట్టాక ఆర్నెల్లలో ఇంకో రైఫిల్లో సగం పగిలిన స్ప్రింగ్ దొరికింది. ఆ యజమానికి చూపిస్తే, విరగలేదు కదా మరి ఎందుకు మార్చడం అన్నాడు.

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. డిపాజిట్ చేసేముందు షూటర్ సార్ రైఫిల్ తీసుకుని షాపుకు వచ్చారు. రెక్సిన్ కవర్ లేదు. నూనె పట్టించిన పాత లుంగీలో చుట్టి, సుతిలి తాడుతో మూడు చోట్ల కట్టి తెచ్చారు.

"కవర్ ఏది సార్?"

"ఇంట్ల అటక మీద పడేసిన. చెయ్యి తీ, స్క్రూ ఇప్పు, నేను సూస్త."